మూడేళ్లు పెంచిన మొక్క పేరు

"పువ్వో కాయో ఉన్న మొక్క తీసుకురండి. ఆకు ఒక్కటే తెస్తే మేం ఏమీ చెప్పలేం" అంది ఫోనులో ఆ అమ్మాయి. ఆకు చూసి మొక్క పేరు చెప్పలేని వాళ్లు ఔషధ మొక్కల తోట ఎలా నడుపుతున్నారో అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం సరేనన్నాను.

నిజానికి నేనడిగింది పేరు కాదు. పేరు నాకు తెలుసు. మూడేళ్ల కిందట ఒక స్నేహితుడు కాగితం పొట్లంలో చిటికెడు విత్తనాలిచ్చి నేల ఉసిరి అన్నాడు. కుండీలో చల్లాను. మొలిచాయి, పెరిగాయి, పక్క కుండీల్లోకీ పాకాయి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కలిపి ఏడు ఇళ్లకు మొక్కలు పంచాను. మొక్కతోపాటు కాలేయం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఉచితం. ఔషధ మొక్కల్ని కాపాడే తోట ఒకటుందని, మొక్క తెచ్చి చూపిస్తే పోల్చి చెబుతారని తెలిసింది. తోట చూసినట్టూ ఉంటుంది, నా నేల ఉసిరికి శాస్త్రజ్ఞుల చేత ఒక ముద్ర వేయించుకున్నట్టూ ఉంటుంది అనుకుని బయలుదేరాను.

ఫోనులో చెప్పిన జాగ్రత్తలు చాలానే ఉన్నాయి. చిన్న మొక్క కాబట్టి వేరుతో సహా తేవాలి. మట్టి దులిపి, తడిపిన వార్తాపత్రికలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఎండ తగలనివ్వకూడదు. ఏ రోజు పీకాను, ఎక్కడ పెరిగింది, ఎంత ఎత్తుంది, పువ్వు రంగేమిటి అన్నవి కాగితం మీద రాసి తేవాలి, ఎందుకంటే ఎండాక రంగు పోతుంది. పువ్వు రంగు దగ్గర ఆగిపోయాను. మూడేళ్లుగా రోజూ నీళ్లు పోస్తున్న మొక్క పువ్వు రంగు నాకు తెలియదు. వెళ్లి చూస్తే, ఆకుల కింద ఆవగింజంత లేతవేవో ఉన్నాయి. "తెలుపు లేదా పసుపు" అని రాశాను.

గేటు దగ్గరి బోర్డు మీద రెండే వాక్యాలు. ఏదీ తుంచవద్దు. ఇక్కడ వైద్య సలహాలు ఇవ్వము.

తొమ్మిది మందిని ఒక జట్టుగా కలిపి గైడుతో పంపారు. మొదటి అరగంటలో మాలో ఎవరో ఒకరు ప్రతి మొక్క దగ్గరా అదే ప్రశ్న వేశాం: "ఇది దేనికి మంచిది?" ఆమె విసుక్కోలేదు గాని ప్రతిసారీ ఒకే దారిలోకి తిప్పింది. ఏ జబ్బుకు ఏ సంప్రదాయంలో వాడతారో పలక మీద ఉంది సార్, నేను మొక్క సంగతి చెబుతాను అని. నాలుగోసారి విన్నాక నాకు కొంచెం కోపమే వచ్చింది. మందుమొక్కల తోటకు వచ్చి మందు సంగతి అడగకపోతే ఇంకేమడగాలి?

ఆ కోపం పలకల దగ్గర మెత్తబడింది. ప్రతి మొక్కకూ రెండు పలకలు. పెద్దది అందరికీ కనిపించేది: శాస్త్రీయ నామం, కుటుంబం, వాడుక పేర్లు. రెండోది వేలెడు అల్యూమినియం రేకు, తీగతో కాండానికి వేలాడుతూ, దాని మీద ఒక నంబరు మాత్రమే. ఒకే జాతి మొక్కలు పక్కపక్కనే పన్నెండుంటే పన్నెండింటికీ పన్నెండు నంబర్లు. ఆ నంబరును రిజిస్టరులో వెతికితే ఆ మొక్క విత్తనం ఏ అడవిలో, ఏ తల్లిమొక్క నుంచి, ఏ తేదీన, ఎవరు తెచ్చారో ఉంటుంది. "ఈ రేకు పోతే?" అని అడిగాను. మాకు కాస్త దూరంలో గొప్పు తవ్వుతున్న తోటమాలి, పెద్దాయన, తలెత్తకుండానే జవాబిచ్చాడు. "మొక్క పోయినట్టే బాబూ. పచ్చగా ఉంటుందంతే."

తర్వాత ఆయనే మమ్మల్ని ఒక మూలకు తీసుకెళ్లి చూపించాడు. ఒకసారి పెద్ద గాలివానకు కొన్ని మళ్లలో పలకలూ రేకులూ కొట్టుకుపోయాయట. మిగిలిన వాటికి రిజిస్టరు చూసి మళ్లీ కట్టారు గాని, కొన్ని మొక్కలు ఏవో తేలలేదు. వాటన్నిటినీ ఆ మూల మడిలోకి మార్చారు. నీళ్లు పోస్తారు, ఎరువు వేస్తారు. పూసేదాకా పేరు పెట్టరు. అక్కడ మోకాలెత్తున ఉన్న ఒకదాన్ని చూసి మా జట్టులోని ఒకాయన చటుక్కున ఒక పేరు చెప్పాడు. "కావచ్చు" అన్నాడు పెద్దాయన మర్యాదగా. రేకు మాత్రం కట్టలేదు.

తోటను జబ్బుల వారీగా అమర్చి ఉంటారనుకున్నాను. దగ్గుకు ఒక వరస, కీళ్లకు ఒక వరస అలా. అది కాదు. మొక్కలో మనిషి ఏ భాగం తీసుకుంటాడో దాన్నిబట్టి అమర్చారు. ఆకు కోసేవి ఒకచోట, కాయ కోసేవి ఒకచోట, బెరడు ఒలిచేవి ఒకచోట, వేరు తవ్వేవి చిట్టచివర. కాపాడేవాళ్లకు ఆ లెక్కే ముఖ్యమని గైడు చెప్పింది. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. కరక్కాయ, ఉసిరి లాంటి వాటి కాయ కోస్తే చెట్టు ఉంటుంది, ఎటొచ్చీ కింద మొలిచే పిల్లలు తగ్గుతాయి. బెరడు ఒలిచే చేతిని బట్టి చెట్టు బతకవచ్చు, చావవచ్చు. వేరు తవ్వితే ఇక లెక్కే లేదు.

వేళ్ల వరసలో నన్ను నిలబెట్టినది సర్పగంధ. నేను ఊహించుకున్నది ఏదో పెద్ద తీగ. చూస్తే మోకాలెత్తు కూడా లేని పొద, కణుపుకు మూడేసి నిగనిగలాడే ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లని పూలు, చిన్న నల్లని కాయలు. 1952లో దీని వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. రక్తపోటుకు వాడిన తొలి ఆధునిక మందుల్లో అదొకటి. ఆ తర్వాత ప్రపంచమంతా ఈ వేరు కోసం ఎగబడింది. వేరు కావాలంటే మొక్కను పీకాలి, విత్తనమా సరిగా మొలవదు. ఇప్పుడు ఈ మొక్క అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉంది. 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో దీని పేరుంది. అదే ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే మరింత కఠినమైన జాబితాలో, కోష్ఠం ఉంది. కోష్ఠం, జటామాంసి రెండూ చలికొండల మొక్కలు. వాటి స్థానంలో ఇక్కడ రెండు ఖాళీ మళ్లు వదిలేసి ఫొటోలు పెట్టారు. ఖాళీ మళ్లు ఎందుకు, వేరే ఏదైనా నాటవచ్చు కదా అంటే, "ఇక్కడ బతకవు అని చెప్పడానికి అంతకంటే మంచి పలక లేదు" అంది గైడు. అన్ని మొక్కల్నీ ఒక తోటలో పెట్టి కాపాడేయవచ్చు అనుకునేవాళ్లకు ఆ ఖాళీ మట్టి చూపిస్తే చాలు.

బెరడు వరసలో ఇంకో దెబ్బ తిన్నాను. అశోక చెట్టు అని పలక ఉంది. కాని నేను జన్మంతా అశోక అని పిలిచిన, నిటారుగా స్తంభంలా పెరిగి అలల అంచుల ఆకులు కిందికి వేలాడే చెట్టు కాదిది. ఇది గొడుగులా పరచుకున్న మధ్యస్థపు చెట్టు, లేత ఆకులు రాగిరంగులో మెత్తని గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి, కొమ్మల మీదే నారింజ రంగు పూల గుత్తులు. నేను అశోక అనుకున్నది నరమామిడి. అసలు అశోక బెరడుకు బదులు నరమామిడి బెరడు మార్కెట్లో కలుస్తుందన్నది పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్న మాటే. ఎండి ముక్కలయ్యాక రెండూ గోధుమరంగు చెక్కలే కదా.

బెరడు అనగానే పసిఫిక్ యూ కథ కూడా వచ్చింది. 1962లో అమెరికాలో ఆ చెట్టు బెరడు నమూనాలు సేకరించారు. దాంట్లోంచే టాక్సాల్ అనే క్యాన్సర్ మందు తేలింది, 1992లో అక్కడ అనుమతి పొందింది. కాని ఒక రోగికి సరిపడా మందు కోసం నిదానంగా పెరిగే చెట్లు కొన్నిటిని నరకాల్సి వచ్చేది. చివరికి దాని చుట్టమైన మరో యూ చెట్టు ఆకుల్లోని పదార్థం నుంచి మందు తయారుచేసే దారి దొరికింది. ఆకు కోస్తే మళ్లీ వస్తుంది. గైడు ఇది చెప్పేటప్పుడు చేత్తో బెరడు వరస నుంచి ఆకు వరస వైపు చూపించింది. అప్పుడు నాకు ఆ అమరిక పూర్తిగా ఎక్కింది.

తాటిజాతి చెట్ల షెడ్డు, కలబంద గట్టు, కొలను త్వరగా దాటేశాం. కొలను దగ్గర మాత్రం ఒక మాట. సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి పక్కపక్క తొట్లలో ఉన్నాయి. మొదటిదానికి గుండ్రని, అంచు నొక్కులున్న ఆకు. రెండోదానికి చిన్న దళసరి ఆకులు, లేత ఊదా తెలుపు పువ్వు. ఏ రకంగానూ పోలికే లేదు. అయినా ఈ రెండింటినీ బ్రాహ్మి అనే పిలుస్తారు. పోలిక లేకపోయినా పేరు కలిస్తే చాలు, పొరపాటు దానంతటదే జరుగుతుంది.

ఇక ఈశ్వరి తీగ. దానికి చుట్టూ వలకంచె. లోపల ఆకులు సగం తినేసి ఉన్నాయి. తిన్నవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. ముదురు ఎరుపు ఒళ్లు, దానిమీద మెత్తని ముళ్లలాంటి బుడిపెలు, నడుముకు తెల్లని పట్టీ, నింపాదిగా నములుతున్న గొంగళిపురుగులు. రోజ్ సీతాకోకచిలుక పిల్లలట. మందు కొట్టరా అని అడిగితే, ఈ తీగను మేం పెంచేది సగం వీటికోసమే అన్నారు. ఈ తీగ జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకని పక్షులు దాని జోలికి రావు. మనిషికి మాత్రం అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది.

ఆ కంచె దగ్గర గైడు బెల్జియం సంగతి చెప్పింది. అంతసేపూ వేళాకోళంగా ఉన్న జట్టు అక్కడ నిశ్శబ్దమైపోయింది. బరువు తగ్గడానికి మాత్రలు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 1993లో అక్కడి వైద్యులు బయటపెట్టారు. చివరకు బాధితులు నూరు దాటారు. మాత్రల్లో ఉండాల్సింది స్టెఫానియా అనే చైనా మొక్క వేరు. ఉన్నది అరిస్టోలోకియా వేరు. రెండింటికీ అక్కడి వాడుక పేరులో ఫాంగ్ జి అన్న మాట ఉంది. కావాలని కలిపింది కాదు. పేరు ఒకటి కావడం వల్ల డబ్బా మారింది.

నా సంచిలోని తడి కాగితం పొట్లాన్ని ఆ క్షణంలో ఒకసారి తడుముకున్నాను. ఎందుకో చెప్పలేను.

ఈ బరువు దించడానికే కాబోలు, తర్వాత పొడపత్రి దగ్గరికి తీసుకెళ్లారు. తోట మొత్తంలో నోట్లో పెట్టుకోనిచ్చిన ఆకు ఇదొక్కటే. అదీ వాళ్లే కోసి, కడిగి, తలా ఒకటి ఇచ్చారు. చేదుగా, పసరుగా ఉంది. ఒక నిమిషం నమిలి ఊసేశాక నాలుక మీద చక్కెర వేశారు. ఇసుక! పళ్ల కింద పలుకులు కరుగుతున్నాయి, తడి తెలుస్తోంది, తీపి అన్నదే లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. తొమ్మిదిమందిమీ ఒకరి ముఖాలొకరం చూసుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వాం. అంతసేపూ మందు సంగతి అడిగి విసిగించిన ఒకాయన, "అయితే చక్కెర జబ్బుకు..." అని మొదలుపెట్టాడు. గైడు గేటు వైపు, బోర్డు వైపు చూసింది. ఆయన మిగతా వాక్యం మింగేశాడు.

విత్తనాల గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు, అద్దంలోంచి చూశాం. గింజల్ని తేమ తక్కువగా ఉన్న చల్లని గదిలో నెమ్మదిగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో మూసి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన దాచిపెడతారు. అలా చాలా జాతుల గింజలు దశాబ్దాలపాటు ప్రాణంతో ఉంటాయి. అన్నీ కాదు. నేరేడు గింజను ఆరబెడితే చచ్చిపోతుంది. అలాంటి వాటిని చెట్లుగానే కాపాడాలి, వేరే దారి లేదు. 2017లో లండన్ క్యూ తోటవాళ్లు లెక్క తీస్తే మందుగా వాడినట్టు నమోదైన మొక్క జాతులు 28,187 ఉన్నాయి. అన్నిటికీ ఇలాంటి అర దొరకదు, దొరికినా కొన్ని అందులో ఇమడవు.

మధ్యాహ్నం మూడింటికి నా వంతు వచ్చింది. మొక్కల్ని పోల్చే గది బయట బెంచీ, ఎదురుగా గోడకు పాత తోటల చిత్రాలు. ఇటలీలోని పాదువా తోట పటం గుండ్రంగా చక్రంలా ఉంది. 1545లో పెట్టారు. నేను ఇలాంటి తోటలు మందులకోసం ఆకులు కోసుకోవడానికే పుట్టాయనుకునేవాణ్ని. కింద రాసినదాని ప్రకారం, అప్పటి వైద్యవిద్యార్థులకు అసలు మొక్క ఏదో నకిలీ ఏదో పోల్చుకోవడం రాక, మందుల్లో పొరపాట్లూ మోసాలూ పెరిగిపోయి, చూసి నేర్చుకోవడానికి ఒక తోట కావాలని పెట్టారట. దొంగతనాలు ఎక్కువై 1552లో చుట్టూ గోడ కట్టారు. పక్కనే లండన్‌లోని చెల్సీ తోట, 1673. అక్కడి మందుల తయారీదారుల సంఘం తమ శిష్యులకు మొక్కల్ని పోల్చడం నేర్పడానికే పెట్టింది. ఉదయం నేను కోపగించుకున్న ప్రశ్నకు జవాబు మధ్యాహ్నం గోడ మీద దొరికింది.

లోపల ఉన్నావిడ వృక్షశాస్త్రజ్ఞురాలు, వయసులో నాకంటే చాలా చిన్న. పొట్లం విప్పింది. ఆకులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. నేను కంగారుపడితే, ఫరవాలేదు, దీనికి అది అలవాటే అంది. కాడను వెలుతురుకు పట్టి చూసింది.

"కాడ ఎరుపు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా సార్?"

"ఉంటుందమ్మా. బాగా బలంగా పెరిగింది" అన్నాను గర్వంగా.

ఆమె ఏమీ అనలేదు. ఎప్పటి నుంచో ఎండబెట్టి అట్టకు అంటించిన మరో మొక్కను అరలోంచి తీసి నా మొక్క పక్కన పెట్టింది. అది ఏడాదుల క్రితం సరిగా పోల్చిన నేల ఉసిరి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం నా చేతికిచ్చింది. కన్నుకు ఆనించి, మొక్కను దగ్గరికి తెచ్చుకోవాలట. నేను అద్దాన్ని మొక్క దగ్గర పెట్టి తల వెనక్కి లాగాను. రెండుసార్లు సరిదిద్దింది.

మూడోసారి దృశ్యం అందింది. నేను ఆకు అనుకుంటున్నది ఆకు కాదు, సన్నని కొమ్మ. దానికి రెండు వైపులా ఉన్నవే ఆకులు. ఆ కొమ్మ అడుగున వరసగా కాయలు. అంతవరకు రెండు మొక్కలూ ఒకటే. "కాయకు కాడ ఉందా చూడండి" అంది. అట్ట మీద ఉన్న మొక్కకు ప్రతి కాయా వెంట్రుకంత కాడతో కిందికి వేలాడుతోంది, ఒళ్లు నున్నగా ఉంది. నాదానికి కాడ లేదు, ఉన్నా లేనట్టే. కాయలు కొమ్మకు అతుక్కుని ఉన్నాయి, ఒళ్లంతా గరుకుగా చిన్న బొడిపెలు. "ఇప్పుడు పువ్వు రెక్కలు లెక్కపెట్టండి." ఆవగింజంత పువ్వులో రెక్కలు. చెయ్యి వణుకుతుంటే మూడుసార్లు లెక్కపెట్టాను. ఆరు. "నేల ఉసిరికి ఐదు" అంది.

అప్పటికే నాకు అర్థమైపోయింది. కాని ఆమె అక్కడ ఆపలేదు, పూర్తిగా తేల్చాలనుకుంది. ఎండిన ఒక కాయను తెల్లకాగితం మీద పెట్టి సూదితో తాకింది. టప్పున పేలింది. నా కుండీల్లోంచి పక్క కుండీల్లోకి ఎలా పాకిందో ఆ చప్పుడుతోనే తెలిసింది. చెదిరిన గింజల్లో ఒకదాన్ని తడివేలికి అంటించి అద్దం కింద పెట్టింది. మిల్లీమీటరు గింజ. వీపు మీద అడ్డంగా గీతలు, ఒకదాని కింద ఒకటి, పీపాకు పట్టీలు బిగించినట్టు. నేల ఉసిరి గింజకు అవి నిలువుగా ఉంటాయి, కర్బూజా చారల్లా.

నాది ఫిల్లాంథస్ యూరినేరియా. నేల ఉసిరి ఫిల్లాంథస్ అమారస్. ఒకే ప్రజాతి, మన పెద్ద ఉసిరి చెట్టు కూడా ఆ ప్రజాతిలోదే.

"అంటే ఇది పనికిరాని మొక్కా?"

"ఎందుకు పనికిరాదు సార్? దీన్నీ చాలా దేశాల్లో మందుగా వాడతారు. ఇదీ మందుమొక్కే. అది మాత్రం కాదు."

నా ముఖం చూసి జాలిపడిందేమో, పెద్దపెద్దవాళ్లే దీని దగ్గర తప్పటడుగు వేశారని చెప్పింది. మన వైపు దొరికే మొక్కను చాలాకాలం శాస్త్రగ్రంథాల్లో కూడా ఫిల్లాంథస్ నిరూరి అనే రాశారు. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. పేరు తేలాక పాత పరిశోధన చదివేవాళ్లకు కొత్త తలనొప్పి మొదలైంది: ఫలానా ప్రయోగంలో నిరూరి అని రాసినవాళ్లు చేతిలో పట్టుకున్న మొక్క ఏది? అందుకే ఇప్పుడు మందుమొక్కల మీద పనిచేసేవాళ్లు తాము వాడిన మొక్క నమూనాను అట్టకు అంటించి, ఏదో ఒక హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, దాచి, ఆ నంబరును తమ వ్యాసంలో ఇవ్వాలి. ఎవరికి అనుమానం వచ్చినా వెళ్లి అట్ట తీసి చూసుకోవచ్చు.

లేవబోతుంటే, ఈ మొక్కను ఉంచుకోవచ్చా అని అడిగింది. వచ్చేవాళ్లకు చూపించడానికి తికమకపెట్టే మొక్కల అర ఒకటి ఉందట. సరేనన్నాను. నా ముందే వార్తాపత్రిక మడతలో పరిచింది. వేరును వంచి, కొన్ని ఆకుల్ని బోర్లా తిప్పి కింది వైపు కూడా కనిపించేలా సర్దింది. పైన అట్ట, దాని పైన ఇంకో కాగితం, చెక్కల మధ్య పెట్టి పట్టీలు లాగి బిగించింది. రాలిన గింజల్ని చిన్న కాగితం కవరులో వేసింది. తర్వాత ఫారం. సేకరించినవారు: నా పేరు. తేదీ. స్థలం. పెరిగిన చోటు: "పూలకుండీ" అని రాస్తుంటే సిగ్గేసింది, అదే రాయమంది. పువ్వు రంగు అన్న గడి దగ్గర నా కాగితం తీసి చూసింది. "తెలుపు లేదా పసుపు" మీద కలం ఆనించి నా వైపు చూసింది. మళ్లీ అద్దం తీసుకున్నాను. పసుపు ఛాయ ఉన్న తెలుపు. ఈసారి చూసి చెప్పాను.

వచ్చేటప్పుడు వాళ్ల నర్సరీలో అసలు నేల ఉసిరి నారు కనిపించింది. తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

ఇంటికి రాగానే కుండీకి అంటించిన చీటీ పీకేసి కొత్తది రాశాను, పేరు, తేదీ, ఎవరిచ్చారు అన్న మూడూ ఉండేలా. తర్వాత ఫోను తీశాను. మొదట విత్తనాలిచ్చిన స్నేహితుడికి. వాడు నమ్మలేదు. కాయకు కాడ ఉందా చూసుకో అని పెట్టేశాను. ఆ తర్వాత ఏడు ఇళ్లకూ వరసగా. రెండిళ్లలో మొక్క ఎప్పుడో ఎండిపోయిందట, అంత సంతోషంగా మొక్క చావు వార్త నేనెప్పుడూ వినలేదు. ఇంకొకరు, మీరు చెప్పారని దాచిపెట్టుకున్నాం, ఇంకా వాడలేదు అన్నారు. వాడకండి, నేను చెప్పిన ఉపన్యాసం కూడా మరిచిపోండి అన్నాను.

ఐదో ఇంట్లో ఫోను ఎత్తినావిడ అంతా ఓపికగా విన్నది. "అలాగా. మరి మా దగ్గర నుంచి నలుగురు తీసుకెళ్లారే. వాళ్ల పేర్లు చెప్పమంటారా?"

ఉండండి అని చెప్పి, కాగితం, కలం తెచ్చుకున్నాను.